తర్వాతి వీడియోను ఎవరు ఎంచాలి?

మన సంఘాల్లో పాట, ప్రసంగం, సాక్ష్యం ఇప్పుడు వాట్సాప్ లింకులుగానే ఇళ్లకు చేరుతున్నాయి. అమ్మమ్మ మనవడి చేత ఒక ఆరాధన పాట పెట్టించుకుంటుంది. పాట అయిపోతుంది. ఆ తర్వాత వచ్చేది మనం పంపింది కాదు. కానుక పంపితే అప్పులు తీరతాయనే ప్రసంగం రావచ్చు. పొరుగువారిని ద్వేషించమనే మాటలూ రావచ్చు. తప్పు ఫోనుది అని ఊరుకోలేం. మందను వాకిలి దాకా తెచ్చి వదిలేసింది కాపరులమైన మేమే.

అందుకే ప్రతి సహవాసం తన వెబ్‌సైట్‌లో సొంతంగా ఒక చిన్న ప్లేయర్ పెట్టుకోవాలని మా అభిప్రాయం. దీనికి పెద్ద ఖర్చు లేదు. యూట్యూబ్ ఇచ్చే ఐఫ్రేమ్ ప్లేయర్ ఏపీఐతో వీడియో అక్కడే ఉంటూ మన పేజీలో కనిపిస్తుంది. వీడియో ముగిసిందని ప్లేయర్ తెలిపిన క్షణంలో మన జాబితాలోని తర్వాతిది మొదలుపెట్టవచ్చు, లేదా అక్కడితో ఆపవచ్చు. కాస్త జావాస్క్రిప్ట్ తెలిసిన మన యౌవనస్థులకు ఇది కష్టం కాదు.

వరుస ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చూడండి. దళిత క్రైస్తవుల హక్కు గురించి చెప్పాలంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో మొదలుపెట్టాలి. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఎస్సీ హోదా ఎలా దక్కిందో చూపాలి. అప్పుడే మనవారు ఎందుకు బయట మిగిలారన్న ప్రశ్న పిల్లలకు అర్థమవుతుంది. మధ్యలో ఒక ముక్క మాత్రమే చూసినవారికి కోపం మిగులుతుంది గాని అవగాహన రాదు.

మనకు మరో అవసరం కూడా ఉంది. కోలార్, చెన్నై, బరంపురం, సోలాపూర్‌లలో మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో వేరే లిపి చదువుతారు. మన ప్లేయర్‌లో వీడియో పేరు, రెండు మాటల పరిచయం కన్నడ, తమిళ, ఒడియా, దేవనాగరి లిపుల్లోనూ ఉంచవచ్చు. యానాం పిల్లలకు తెలుగు లిపే చాలు. పెంతెకొస్తు దినాన ఎవరి భాషలో వారికి వినిపించిన దేవుడు దీన్ని చిన్న పనిగా ఎంచడు.

పరిమితులూ ఒప్పుకోవాలి. ప్రకటనలను దాచడం, అడ్డుకోవడం యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం. సూచించే వీడియోలను పూర్తిగా తీసేసే వీలు 2018 నుండి లేదు. వాటిని అదే ఛానెల్‌కు పరిమితం చేయగలం, అంతే. ఈ చిక్కులెందుకు, వీడియోలు దించుకొని మన సైట్‌లో పెడదాం అంటారు కొందరు. అనుమతి లేకుండా అలా చేస్తే పాడినవారి కష్టాన్ని దొంగిలించడమే.

చివరిగా ఒక మాట. జాబితాను పాస్టరుగారు ఒక్కరే తయారుచేస్తే యంత్రం పోయి మరో అధికారం వచ్చినట్టే. స్త్రీలు, యౌవనస్థులు, వాడలోని పెద్దలు కలిసి కూర్చొని ఎంచాలి. ప్రతి వీడియో కింద దాన్ని ఎందుకు ఎంచామో ఒక్క వాక్యం రాయాలి. వద్దనేవారి మాటా వినాలి.

ఈ నెల పది వీడియోలతో మొదలుపెడదాం. పదకొండోది ఏమిటో కూడా మనమే కలిసి నిర్ణయించుకుందాం.