ఆరుబయటే కదా అనుకోవద్దు

సెలవులు వస్తే పిల్లలను తీసుకుని ఋషికొండ వంటి బీచ్‌లకు వెళ్లే కుటుంబాలు మన మధ్య చాలా ఉన్నాయి. జెట్ స్కీ, మోటారు బోటు ఎక్కేముందు లైఫ్ జాకెట్ అడుగుతాము, మంచిదే. ఇంజను పొగ సంగతి మాత్రం అడగము. పైన ఆకాశం, చుట్టూ గాలి ఉండగా పొగ ఏం చేస్తుందిలే అనుకుంటాము. ఈ ధైర్యం మంచిది కాదని మా అభిప్రాయం.

పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకుంటుంది. అమెరికాలోని పావెల్ సరస్సులో 2000 ఆగస్టులో 8, 11 ఏళ్ల అన్నదమ్ములిద్దరు హౌస్‌బోటు వెనుక ఈదుతూ ఈ వాయువు వల్ల మరణించారు. నీళ్లలోకి దిగే బల్ల కింద జనరేటరు పొగ నిలిచిపోయింది. అది కూడా ఆరుబయటే.

జెట్ స్కీలో పొగ గొట్టాన్ని చల్లబరిచేది బయటి నుంచి లాగే నీరే. ఇసుకో, నాచో, ప్లాస్టిక్ సంచో అడ్డుపడితే ఆ నీరు అందదు. గొట్టపు రబ్బరు వేడికి కాలిపోతుంది. పొగ బండి లోపల నిండి, ఇంజనుకు మంచి గాలి అందక ఆగిపోవచ్చు. వెనుక నుంచి చిమ్మే నీటిధారతోనే జెట్ స్కీ మలుపు తిరుగుతుంది గనుక, ఇంజను ఆగితే హ్యాండిల్ తిప్పినా లాభం లేదు. అందుచేత మాటిమాటికి ఆగిపోయే బండిని "ఏం కాదు సార్, ఎక్కండి" అని అద్దెకివ్వడం తప్పు. దానిపై పిల్లలను ఎక్కించడమూ తప్పే.

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం ఈ విషం లక్షణాలు. వీటిని ఎండదెబ్బ అనో, అలలకు కడుపు తిప్పిందనో సరిపెట్టుకుంటాము. నీళ్లలో ఉన్నవారు స్పృహ తప్పితే మునిగిపోతారు. అప్పుడు అందరూ ఈత రాక పోయారనే అనుకుంటారు.

అటువంటప్పుడు వెంటనే ఇంజను ఆపించి, మనిషిని పొగకు దూరంగా తీసుకువెళ్లండి. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. ఇంజను దగ్గర ఉన్నారన్న మాట డాక్టరుకు తప్పక చెప్పండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఈ విషాన్ని గుర్తించలేదు, అంకె బాగానే చూపవచ్చు. రక్తపరీక్షతోనే తెలుస్తుంది. దీనికి చికిత్స ఆక్సిజన్.

నడుస్తున్న ఇంజను వెనుక పిల్లలను ఈదనివ్వకండి, బోటు వెనుక బల్లపై కూర్చోనివ్వకండి. ఎక్కేముందు "ఈ ఇంజను ఎప్పుడు చెక్ చేశారు?" అని అడగండి. జవాబు సరిగా రాకపోతే ఎక్కకుండా తిరిగి రండి. టిక్కెట్టు డబ్బు పోయినా ఫరవాలేదు.