లవంగానికీ ఒక లెక్క ఉంది

పంటినొప్పికి పగటిపూట వేరే పనులుంటాయి కాబోలు, తీరిగ్గా రాత్రి పదకొండు దాటాకే వస్తుంది. అప్పటికి క్లినిక్కులన్నీ మూసేసి ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళెవరో లేచి పోపులపెట్టె తెరుస్తారు. ఒక లవంగం ఏరి ‘పంటి కింద పెట్టుకుని నొక్కిపట్టు, నమిలెయ్యకు’ అంటారు. ముందు మంట, ఆ తరవాత తిమ్మిరి, అదృష్టముంటే నిద్ర. మర్నాడు దంతవైద్యుడి దగ్గరికి వెడితే తలుపు తియ్యగానే అదే వాసన. లోపల గాజుపలక మీద తెల్లటి పొడి కుప్ప పోసి, పక్కన లేత పసుపురంగు ద్రవం రెండు చుక్కలు రాల్చి, అసిస్టెంటు సన్నటి స్టీలు బద్దతో పొడిని కొద్దికొద్దిగా చుక్కలోకి లాగి మెదుపుతూ ఉంటుంది. ఇంకాస్త పొడి, మళ్ళీ ఇంకాస్త. వేళ్ళకి అంటకుండా ఉండ చుట్టడానికి వచ్చేదాకా ఊరుకోదు. పొడి జింక్ ఆక్సైడ్, ద్రవం యూజినాల్. లవంగనూనెలో నూటికి 70 నుంచి 90 పాళ్ళదాకా ఉండేది ఈ యూజినాలే. 1870ల నుంచి ఈ జోడీ దంతవైద్యుల చేతిలో ఉంది.

అమ్మమ్మ మాట, డాక్టరు మాట ఒక్కటైన సందర్భాలు వైద్యంలో ఎక్కువ ఉండవు. అందుకే లవంగమంటే మనకంత ధీమా. ధీమా తప్పేమీ కాదు, లవంగం మీద ఉన్నంతవరకూ. అది లవంగనూనె సీసాకి కూడా పాకినప్పుడే ఇబ్బంది. 1993లో ఒక బ్రిటిష్ పిల్లల వైద్య పత్రిక ఒక రెండేళ్ళ బాబు సంగతి ప్రచురించింది. ఆ పిల్లవాడు తాగిన లవంగనూనె 5 నుంచి 10 మిల్లీలీటర్ల మధ్య. స్పృహ తప్పింది, ఫిట్స్ వచ్చాయి, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతింది, కాలేయం పాడైంది. చావు అంచుదాకా వెళ్ళి బతికాడు. ఆహారంలో యూజినాల్ ఎంతదాకా ఫరవాలేదో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం ఎప్పుడో లెక్కకట్టింది: రోజుకి కిలో బరువుకి రెండున్నర మిల్లీగ్రాములు. అది జీవితాంతం రోజూ తిన్నా ఇబ్బంది లేదనుకునే హద్దు. పదికిలోల పిల్లవాడికి ఆ లెక్కన 25 మిల్లీగ్రాములు. చెంచాడు లవంగనూనెలో ఉండేది సుమారు 4 గ్రాములు, అంటే ఆ హద్దుకి నూటయాభై రెట్ల పైమాటే. పోపులపెట్టెలోని ఒక లవంగంలో ఉండేవి కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. చెట్టు అదే, మొగ్గ అదే, మందూ అదే. మారిందల్లా కొలత.

వేపచెట్టుదీ ఇదే కథ. వేపపుల్ల నమిలి ఉమ్మేసినవాళ్ళు ఈ దేశంలో ఎన్ని తరాల వాళ్ళో చెప్పలేం. 1981లో లాన్సెట్ పత్రికలో మలేసియా వైద్యులు రాసింది మాత్రం వేపనూనె గురించి. చిన్నచిన్న జబ్బులకి ఇంట్లోవాళ్ళు ఆ నూనె తాగిస్తే పసిపిల్లలకి మెదడు, కాలేయం దెబ్బతిన్నాయి. పుల్లకి ఉన్న మంచిపేరు నూనెకి పూచీ పడదు. ఇక జిల్లేడుపాలు. పుచ్చుపన్ను దానంతటదే రాలిపోతుందని దూదితో అద్ది పెట్టే అలవాటు పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. పన్ను సంగతి దేవుడెరుగు, చిగురూ బుగ్గా కాలడం మాత్రం ఖాయం. ఆయుర్వేదం దీన్ని ఎరగక కాదు. మన ఔషధ చట్టం కింద ఆయుర్వేదంలో విషద్రవ్యాలుగా లెక్కవేసి, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని చెప్పిన షెడ్యూల్ ఇ(1) జాబితాలో ఉమ్మెత్త, నల్లజీడి, గురివింద పక్కనే జిల్లేడూ ఉంది. శాస్త్రం తెలిసినవాళ్ళు జాగ్రత్త రాసిపెట్టారు. ‘ప్రకృతిసిద్ధం’ అని పెద్దక్షరాల్లో అచ్చు వేసేవాళ్ళకే ఆ జాగ్రత్త కనబడదు.

అయితే పరీక్ష అనగానే అదేదో ఒక్కమాటలో తీర్పు చెప్పేస్తుందనుకోవడానికీ లేదు. మళ్ళీ ఆ గాజుపలక మీది ముద్ద దగ్గరికే వద్దాం. దాన్ని ప్రయోగశాలలో తిన్నగా జీవకణాల మీద పెడితే కణాలు చచ్చిపోతాయి. ఆ ఒక్క ఫలితం చూసి ఉంటే నూటయాభై ఏళ్ళుగా ఇంతమంది నొప్పి తీర్చిన పదార్థం గుమ్మం దాటేదే కాదు. నోట్లో అది అంత హాని ఎందుకు చెయ్యదంటే మధ్యలో డెంటిన్ ఉంది కాబట్టి. పంటిపై పెంకుకీ, మనం నరం అని పిలిచే లోపలి పల్ప్‌కీ నడుమ ఉండే పొర అది. దాని గుండా యూజినాల్ చాలా నెమ్మదిగా దిగుతుంది. ఫిల్లింగుకి ఆనుకున్న చోట ఎంత గాఢంగా ఉంటుందో, పల్ప్ దగ్గరికి చేరేసరికి అందులో నూరోవంతే మిగులుతుంది. పైన ఆ గాఢత సూక్ష్మజీవుల్ని చంపుతుంది, కింద ఆ పలచదనం నరాన్ని జోకొడుతుంది. డెంటిన్ పొర తెగి పల్ప్ బయటపడ్డ చోట ఇదే ముద్ద పెడితే కథ అడ్డం తిరుగుతుంది. డాక్టర్లు అక్కడ దాన్ని పెట్టరు. దంత పదార్థాల పరీక్షకి ప్రత్యేకంగా ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7405లో కణాలకీ పదార్థానికీ మధ్య డెంటిన్ బిళ్ళ అడ్డంపెట్టి చేసే పరీక్ష ఒకటి చేర్చింది ఇందుకే. పదార్థం మంచిదా చెడ్డదా అని కాకుండా, ఎక్కడ పెడుతున్నారు, ఎంతసేపు ఉంచుతున్నారు అని అడిగే పరీక్ష అది.

కణాల మీద పరీక్ష ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. అరచేయంత ప్లాస్టిక్ పలక, దానికి 96 చిన్న గుంటలు. ఒక్కో గుంటలో వేలకొద్దీ కణాలు. తరచు వాడేవి ఎల్-929 అనే ఎలుక కణాలు. 1940లలో ఒక ఎలుక నుంచి తీసిన వంశం ఇప్పటికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉంది. పరీక్షించాల్సిన పదార్థం నానబెట్టిన ద్రవాన్ని వాటి మీద పోసి, ఒక రోజు ఆగి, ఎంటీటీ అనే పసుపురంగు రసాయనం కలుపుతారు. బతికున్న కణం ఆ పసుపుని ఊదారంగుకి మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు. ఊదా ఎంత చిక్కగా ఉంటే అన్ని ప్రాణాలు మిగిలినట్టు. ఏమీ కలపని గుంటలతో పోల్చి నూటికి 70 కన్నా తగ్గితే ఆ పదార్థం కణాలకి చేటు చెయ్యగలదని ఐఎస్ఓ 10993 ప్రమాణం ఐదో భాగం అంటుంది.

ఇంత తేటగా ఉన్న పరీక్షని మొక్కలు మోసం చెయ్యగలవు. గ్రీన్ టీ, కరక్కాయ, దానిమ్మ తొక్క లాంటివాటిలో పాలీఫినాల్స్ ఉంటాయి. ఏవి ఉన్నాయని వాటిని మెచ్చుకుంటామో అవే ఎంటీటీని కణం సాయం లేకుండా తామే ఊదారంగుకి మార్చెయ్యగలవు. గుంటలో ఒక్క కణమూ బతికి ఉండకపోవచ్చు, యంత్రం మాత్రం అంతా క్షేమమని అంకె చూపిస్తుంది. విరుగుడు చాలా చిన్నది. అసలు కణాలే లేని కొన్ని గుంటల్లో కషాయాన్నీ, ఎంటీటీనీ మాత్రమే పోసి ఎంత రంగు వస్తుందో చూసి దాన్ని తీసెయ్యాలి. ఆ నాలుగు గుంటలు పెట్టారా లేదా అన్నది పరిశోధనపత్రంలో ఎక్కడో చిన్న వాక్యంగా ఉంటుంది. లేకపోతే ఆ పత్రాన్ని అక్కడితో మడిచి పక్కన పెట్టొచ్చని ఈ రచయిత అభిప్రాయం.

మన దంతవైద్య కళాశాలల్లో మూలికల మీద పీజీ థీసిస్‌లకి కొదవ లేదు. త్రిఫల, పసుపు, వేప, తొగరుపండు రసం, తేనెటీగల జిగురు (ప్రొపోలిస్), కలబంద. వీటిలో ఏదో ఒకటి తీసుకుని, పీకేసిన పళ్ళలో ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే మొండి బ్యాక్టీరియాని పెంచి, రూట్ కెనాల్ కడిగే సోడియం హైపోక్లోరైట్‌తో పోటీ పెడతారు. ఆ తపనకి అర్థం ఉంది. హైపోక్లోరైట్ అంటే బట్టలకి వాడే బ్లీచే. సూది కాస్త ముందుకి జరిగి వేరు చివర దాటి బయటికి పోయిందంటే మొహం వాచి, రోగి విలవిల్లాడతాడు. చిన్నపిల్లల పాలపళ్ళలో దశాబ్దాలపాటు వాడిన ఫార్మోక్రెసాల్‌లో ఉండేది ఫార్మాల్డిహైడ్. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చాక దాన్ని పక్కనపెట్టమనే గొంతులు పెరిగాయి. రాలిపోయే పాలపన్నే కదా అనుకోవడానికి లేదు, దాని వేళ్ళ కిందే శాశ్వతదంతం తయారవుతూ ఉంటుంది. కాబట్టి మెత్తటి మందు కోసం మొక్కల్లో వెతకడం చాదస్తం కాదు.

కానీ ఈ వెతుకులాటలో ఎక్కువభాగం ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది: సూక్ష్మజీవి చచ్చిందా? అగర్ పళ్ళెంలో బ్యాక్టీరియా లేని వలయం ఎన్ని మిల్లీమీటర్లు? వలయం పెద్దదైతే థీసిస్ పాసు. బ్యాక్టీరియాని అంత బాగా చంపేది పక్కనున్న చిగురు కణాన్ని ఏం చేస్తుందన్నది తరవాతి విద్యార్థికి వదిలేస్తారు. తరవాతి విద్యార్థి మరో ఆకు తీసుకుంటాడు. భద్రత చూశామని చెప్పేవాళ్ళు కూడా చాలాసార్లు చూపించేది ఎలుకల మీద చేసే తక్షణ విషపరీక్ష. మూడేసి ఎలుకలకి కిలో బరువుకి 2,000 మిల్లీగ్రాముల దాకా ఒకేసారి తాగించి పధ్నాలుగు రోజులు గమనిస్తారు. అది అవసరమైన పరీక్షే. కాకపోతే ఒక్కసారి మింగితే ఏమవుతుందో అది చెబుతుంది. రోజూ పొద్దున్నా రాత్రీ పదేళ్ళు పళ్ళు తోముకుంటే ఏమవుతుందో చెప్పదు.

ఆ పదేళ్ళ సంగతి అమెరికాలో బయటపడింది. అక్కడి అడవుల్లో సాంగ్వినేరియా అనే మొక్క పెరుగుతుంది, వేరు తుంచితే ఎర్రటి రసం కారుతుంది. 1980లలో ఆ వేరుసారంతో టూత్‌పేస్టు, నోరు పుక్కిలించే మందు వచ్చాయి. పాచి తగ్గిస్తుందన్నారు. స్వల్పకాలపు పరీక్షల్లో ఏ దోషమూ కనబడలేదు. 1999 నాటికి దంతవైద్యులు ఒక వింత గమనించి రాశారు. ఆ ఉత్పత్తులు చాన్నాళ్ళు వాడినవాళ్ళలో పైపెదవి లోపలివైపు, చిగురు మలుపులో, మామూలుగా తెల్లమచ్చలు రాని చోట, ల్యూకోప్లేకియా మచ్చలు కనబడుతున్నాయి. ఆ మచ్చ క్యాన్సర్ కాదు. కొందరిలో క్యాన్సర్ దిక్కుగా నడవగలదు. తరవాత వచ్చిన పరిశీలనలూ ఆ అనుమానాన్నే బలపరిచాయి, తయారీదారు ఆ వేరుసారాన్ని తీసేసి వేరే మందు పెట్టాడు. అక్కడ ఎవరూ మోసం చెయ్యలేదు. పరీక్ష నెలల్లో కొలిచింది, జనం ఏళ్ళు వాడారు.

మన దేశానికి పరాయి పాఠం అక్కర్లేదు. పొగాకు కూడా ఆకే. పొగాకు కలిపిన పళ్ళపొడుల్నీ, పేస్టుల్నీ కేంద్రం 1992లో నిషేధించింది, తయారీదారులు కోర్టుకెళితే 1997లో సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. వక్కదీ అదే వరస. పొగాకు కలవకపోయినా తాంబూలం క్యాన్సర్ కారకమేనని ఆ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థే చెప్పింది. ఎలర్జీల సంగతి వేరే. కొన్ని ఫ్లోరైడ్ పూతల్లో వాడే దేవదారు జాతి చెట్ల బంక, తేనెటీగల జిగురు, డాక్టరు తొడుక్కునే రబ్బరుపాల తొడుగు, అన్నీ ప్రకృతి ఇచ్చినవే, అన్నీ కొందరికి పడనివే. రూట్ కెనాల్లో నింపే గట్టాపెర్చా మలయా చెట్టు పాలు. దంతవైద్యంలో అన్నిటికన్నా సాధువైన పదార్థాల్లో ఒకటి. అయితే ఇప్పుడు పెట్టెలో వచ్చే గులాబీరంగు పుల్లలో ఆ చెట్టుపాలు ఐదోవంతు మాత్రమే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మళ్ళీ జింక్ ఆక్సైడే.

చట్టం ఏమంటోందో చూస్తే కొంచెం ఆలోచనలో పడతాం. ఫిల్లింగు, సిమెంటు, ఎముకపొడి లాంటివి 2017 వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. కణపరీక్ష దగ్గర్నుంచి కాగితాలన్నీ చూపించాలి. ఆయుర్వేద లైసెన్సుతో వచ్చే పళ్ళపొడికి దారి వేరు. ప్రామాణిక గ్రంథాల్లో ఉన్న యోగాన్ని ఉన్నది ఉన్నట్టు తయారుచేస్తే కొత్తగా భద్రతా అధ్యయనం అడగరు. శతాబ్దాల వాడకమే సాక్ష్యం అన్నది దాని వెనక ఉన్న తర్కం, అందులో న్యాయం లేకపోలేదు. కానీ గ్రంథం చెప్పింది నూరిన చూర్ణం గురించి. దుకాణంలో కొనేదాంట్లో తీపికీ, నురగకీ, నిలవకీ కలిపినవి ఉంటాయి, గ్రంథకర్త చూడని పొలాల్లో, చూడని మందులు చల్లి పండించిన వేర్లుంటాయి. నోరు మాత్రం రెండింటికీ ఒకటే.

ఇందులో పీజీ విద్యార్థిని తప్పుపట్టి లాభం లేదు. సొంత కళాశాలలో కణాలు పెంచే సదుపాయం లేకపోతే పరీక్ష కోసం ప్రైవేటు ల్యాబుకి పోవాలి, బిల్లు తన జేబులోంచే కట్టుకోవాలి. అగర్ పళ్ళెం చవక. ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఏడాదికి కొన్ని మూలికల థీసిస్‌లనైనా ఎంచి, సూక్ష్మజీవి పరీక్షతోపాటు చిగురు కణాల పరీక్షకీ, ఆ నాలుగు ఖాళీ గుంటలకీ, కషాయం ఏ ఊరి ఆకుతో ఏ నెలలో చేశారో రాసిపెట్టే పద్ధతికీ ఖర్చు తామే భరిస్తే, వచ్చే పత్రాల సంఖ్య తగ్గుతుంది. తగ్గినా నష్టమేం లేదు.