పరిచారికల యుడుపులు

వేషమునుబట్టి మనుష్యుని విలువ కట్టరాదని పెద్దలందురు. అయినను రోగి మంచముకడ నిలుచు పరిచారిక విషయమున నీ మాట సగమే నిజము. ఆమె గుణమును ఉడుపులు చెప్పజాలవు గాని, ఆమె చేతివలన రోగికి స్వస్థత చేకూరునో, క్రొత్త రోగము సంక్రమించునో కొంతవఱకు చెప్పగలవు. కావున నర్సులును, తదితర వైద్యసిబ్బందియు ధరింపవలసిన దుస్తులను గూర్చి యీ మాసమున మా సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

ఖమ్మమునుండి కొత్తగూడెము మీదుగా బయలుదేఱి, గోదావరి దాటిన భద్రాచలము వచ్చును. అటుపైన దుమ్ముగూడెము, చర్ల దిక్కున అడవి చిక్కనగును. భద్రాచలమందలి ప్రభుత్వ వైద్యశాలకు చుట్టుపట్ల మండలములనుండియే గాక, 2014లో ఆంధ్రప్రదేశమున గలిసిన చింతూరు, కూనవరములనుండియు, ఛత్తీస్‌గఢ్ పల్లెలనుండియు రోగులు వచ్చుచుందురు. వారిలో కోయలు కలరు. 2005 తరువాత ఆ రాష్ట్రమందలి అలజడులకు తాళలేక వలసవచ్చిన గుత్తికోయలును గలరు. నొప్పులతో డోలీపై వాగులు దాటి వచ్చిన యొక కోయపడుచునకు తెలుగు రాకపోవచ్చును. నర్సునకు కోయభాష రాకపోవచ్చును. అట్టి వేళ మొదట మాటలాడునది ఉడుపే. ఆ యడవి పల్లెలలో ఖాకీ యనిన పోలీసు, లేక అటవీశాఖ ఉద్యోగి. ఆ రంగు చూచి తలుపు మూసికొనువారు సైతము సూదిమందు వేయవచ్చిన యమ్మను గుర్తెఱిగి తలుపు తీయవలయును గదా! పరిచారికల యుడుపునకు గల మొదటి ప్రయోజన మిదియే.

ఈ యెఱుక క్రొత్తది గాదు. 1854లో ఫ్లారెన్సు నైటింగేలమ్మ 38 మంది పరిచారికలతో క్రిమియా యుద్ధమున గాయపడినవారి సేవకు స్కుటారి వెళ్లినప్పుడు, వారు బూడిదరంగు ముతక దుస్తులు దొడిగి, ఆసుపత్రి పేరు కుట్టిన పట్టీని భుజముమీద ధరించిరి. వేలకొలది సైనికుల నడుమ వారెవరో చూచినంతనే తెలియవలసి యుండెను.

రెండవ ప్రయోజనము శుచి. ఇది మొదటిదానికన్న ముఖ్యమైనది. రోగములు వ్యాపించుటకు పెద్ద మార్గము చేయి. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, పురుడు పోయువారు క్లోరిను నీటితో చేతులు గడిగికొన్నచో బాలింతల మరణములు మిక్కిలి తగ్గునని నిరూపించెను. 2007లో ఇంగ్లండు ఆరోగ్యశాఖవారు రోగుల నంటి పనిచేయువారి కందఱకు మోచేతి దిగువ చేతులు ఖాళీగా నుండవలెనని నియమించిరి. పొడుగు చేతుల చొక్కా, గడియారము, కడియము కూడదు. ప్రపంచారోగ్యసంస్థ 2009లో వెలువరించిన సూచనలలో, గోళ్ల కొనలు అర సెంటీమీటరు మించరాదనియు, ఉంగరము క్రింది చర్మమున క్రిములు హెచ్చుగా నిలుచుననియు జెప్పిరి.

ఇచ్చటనే మన యిండ్లలో చిక్కు వచ్చును. గాజులు లేని ముంజేయి మనకు కంటగింపు. పనికి బోవు కోడలు గాజులు తీసినచో అత్తగారు నొచ్చుకొందురు, ఇరుగుపొరుగు గుసగుసలాడుదురు. అమ్మలారా, మేము సౌభాగ్యచిహ్నములను తేలికచేసి మాటలాడుట లేదు. మెడలోని మంగళసూత్రము రవికెలోపల అమరియున్నచో నెవరికిని అడ్డురాదు. కాని గాజుల సందున సబ్బు చొరదు. చొరని చోట క్రిమి నిలుచును. ఆ చేయియే పసికందు బొడ్డు గోయవలయును. పని దీఱువఱకు గాజులు తీసియుంచి, యింటికి వచ్చి మరల తొడిగికొన్న యాడుపడుచునకు అమంగళ మెట్లు గలుగును? ఒక తల్లి ప్రాణము నిలిపిన చేతికన్న మంగళకరమైన చేయి యేది?

అయితే శుచి పేరిట చెప్పబడు ప్రతి నియమమును శుచికి సంబంధించినది గాదు. 2023లో హర్యానా ప్రభుత్వము ఆసుపత్రి సిబ్బందికి గోళ్లు పెంచుట, బరువు నగలు, ముఖాలంకారములు, జీనుగుడ్డ లాగులు మొదలగువానిని నిషేధించెను. గోళ్లు, నగలు అను రెంటికిని వైద్యశాస్త్రము సాక్ష్యము పలుకును. తక్కినవి చాలవఱకు అభిరుచికి జెందినవి. ఈ రెంటిని గలిపి చెప్పినచో, స్త్రీలను అదుపులో బెట్టుటకే నియమములు పుట్టినవని తలచి, వినవలసినవానిని గూడ వినరు. గంజి పెట్టిన టోపీవలన రోగికి లాభము లేదని గ్రహించి పెక్కు దేశములవారు దానిని విడిచిరి. చీరయా, సల్వారు కమీజా యను వాదమునకును ఇదే గీటురాయి. వార్డులో చెఱగు రోగి గాయముపై వ్రాలరాదు. వానకాలమున మోకాలిలోతు వాగు దాటి పల్లెకు బోవు నర్సమ్మకు తడిసిన చీర కాళ్లకు బంధమగును. ఆమెకు ఏది అనువో ఆమెనే యడుగవలయును.

నియమించువారికిని ధర్మము గలదు. ఒక్క జత యిచ్చి దినదినము ఉతికిన యుడుపు గావలె ననుట అన్యాయము. చాలినన్ని జతలు, బట్టలు మార్చుకొన గది, చేతులు గడుగుకొన నీరు, సబ్బు సమకూర్చిన పిమ్మటనే తప్పెంచవలయును. పేరు పలక తెలుగున పెద్ద యక్షరములతో నుండవలయును. చదువరాని వారికై నర్సునకొక రంగు, ఊడ్చునామెకొక రంగు ఏర్పఱచిన, డోలీ మోసికొని వచ్చినవారు ఎవరి నడుగవలెనో తెలియక తికమకపడరు.

ఇక గృహిణులు చేయదగినది. మీ యింట నర్సో, ఆశా కార్యకర్తయో, ప్రయోగశాల యుద్యోగినియో యున్నచో, ఆమె పని బట్టలను పిల్లల బట్టలతో గలుపకుడు. బట్టకు తగినయెడల 60 డిగ్రీల వేడినీట 10 నిమిషములు ఉతికిన క్రిములు దాదాపుగా నశించును. పిదప ఎండలో ఆరవేసి ఇస్త్రీ చేయుడు. పని ముగించి వచ్చినామె బట్టలు మార్చి చేతులు గడిగికొనువఱకు పసిబిడ్డను ఒడిలో బెట్టకుడు. ఆసుపత్రికి రోగిని జూడబోవునపుడు మీరును చేతులు గడిగికొనుడు. వట్టి చేతులతో నిలిచిన నర్సును జూచి జాలిపడకుడు, వెక్కిరింపకుడు. ఆ వట్టిచేయి మీ బిడ్డకొఱకే.