కాఫీ వెలలో కుర్చీ అద్దె

పల్లెనుండి పట్నానికి చదువుకో కొలువుకో వచ్చినవాడు మొట్టమొదట వెదకుకొనేవి రెండు: భోజన వసతి, అద్దె గది. ఈ రెండూ కుదిరితే తక్కినవి వాటంతట అవే కుదురుతాయని పెద్దలు అనేవారు. నేడు ఆ పట్టికలో మూడవది ఒకటి చేరినది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కరెంటు ప్లగ్గు, వీటితోపాటు వైఫై. ఈ నాలుగూ ఒక్కచోట అమరి, మూడు నాలుగు గంటలపాటు ఎవరూ లేచి పొమ్మనని స్థలం. హైదరాబాదు నగరంలో బంజారాహిల్స్ మొదలు గచ్చిబౌలి వరకు ఏ కాఫీ దుకాణంలోనికి తొంగిచూచినా లాప్‌టాప్ ముందు తలవంచి కూర్చున్న యువతీయువకులు కనిపిస్తారు. ఒకరు ఉద్యోగానికి దరఖాస్తు సిద్ధం చేసుకొంటూ ఉంటారు. ఒకరు సముద్రాల ఆవలనున్న కంపెనీకి ఇక్కడినుండే లెక్కలు కడుతూ ఉంటారు. మరొకరు పరిశోధన వ్యాసానికి మెరుగులు దిద్దుకొంటూ ఉంటారు. ప్రక్కన కప్పులోని కాఫీ చల్లారి చాలా సేపయి ఉంటుంది.

ఈ దృశ్యాన్ని చూచి పెదవి విరిచే పెద్దలు ఉన్నారు. ఇంట కూర్చుండి చేసుకోదగిన పనికి రెండువందల రూపాయల కాఫీ ఎందుకు, ఇందులో పనికంటె పటాటోపమే హెచ్చు కదా అని వారి ఆక్షేపణ. ఆ దుకాణాలలో పటాటోపం బొత్తిగా లేదని ఎవరూ అనలేరు. అయితే ఆ రెండువందలలో కాఫీ గింజల వెల ఎంత, పాలు పంచదారల వెల ఎంత అని లెక్క వేసి చూస్తే, తక్కినదానిలో పెద్ద భాగం కుర్చీకి చెల్లించే అద్దె అని తేలుతుంది. కొనేవాడికీ ఇది తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. కూర్చుండి ఆలోచించుకొనే చోటు నగరంలో గంటల లెక్కన కొనుక్కోవలసిన సరుకు అయినది. పెద్దలు కోపగించవలసినది, పిన్నలు ప్రశ్నించవలసినది ఈ సంగతిని గురించి.

కాఫీకీ బుద్ధి వ్యాసంగానికీ గల పొత్తు నేటిది కాదు. లండను నగరంలో మొదటి కాఫీశాలను 1652లో పాస్కా రోసే అనే అతడు తెరిచాడు. ఒక్క పెన్నీ చెల్లిస్తే కాఫీతోపాటు వార్తాపత్రికలు, లోకాభిరామాయణం, పండిత చర్చ కూడా లభించేవి కనుక అటువంటి శాలలకు పెన్నీ విశ్వవిద్యాలయాలు అనే పేరు వచ్చింది. ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీశాలలో ఓడల యజమానులు చేరి నడిపిన వ్యవహారమే కాలక్రమాన లాయిడ్స్ బీమా సంస్థగా పెరిగింది. ఇన్ని తలలు ఒకచోట చేరితే రాజద్రోహం పుట్టగలదని వెరచి రెండవ చార్లెస్ రాజు 1675 డిసెంబరులో కాఫీశాలలను మూసివేయవలసినదని ప్రకటించాడు. జనుల అలజడి చూచి కొద్ది దినాలకే ఆ ప్రకటనను ఉపసంహరించుకొన్నాడు. మన ఊళ్ళ హోటళ్ళలో 'ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు' అని గోడకు వ్రేలాడిన పలకలు ఆ రాజుగారి భయానికి దూరపు చుట్టాలే.

మన దేశంలోనూ ఈ సంప్రదాయానికి లోటు లేదు. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయ సంకల్పించినప్పుడు, ఎ. కె. గోపాలన్ ప్రోత్సాహంతో 1957నుండి కార్మికులే సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నిలబెట్టుకొన్నారు. కలకత్తా కాలేజీ వీధి కాఫీ హౌసు ఎందరు రచయితలకు, విద్యార్థులకు సభామంటపమైనదో లోకవిదితం. హైదరాబాదులో ఆ పని ఇరానీ హోటళ్ళు చేశాయి. ఒక చాయ్, ఒక ఉస్మానియా బిస్కత్తు తీసుకొని పాలరాతి బల్లముందు పూటంతా గడిపినా అడిగేవారు లేని రోజులను జ్ఞాపకం చేసుకొనేవారు నగరంలో ఇప్పటికీ ఉన్నారు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలు కవులకు, రాజకీయవాదులకు కూడలిగా పేరు పొంది, పిదప కాలగర్భంలో కలిసిపోయినది.

కాఫీకీ అంతర్జాలానికీ మన దేశంలో పెళ్ళి జరిగినది 1996లో. అంతకు ముందు సంవత్సరం ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగం సంస్థ ప్రజలకు అంతర్జాల సౌకర్యం కల్పించింది. 1996లో బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో తెరిచిన కెఫే కాఫీ డే మొదటి దుకాణం కాఫీతోపాటు కంప్యూటరు ముందు గడిపే కాలాన్ని కూడా అమ్మింది. అప్పటికి కంప్యూటరు దుకాణందారునిది, కాలం గిరాకీదారునిది. నేడు కంప్యూటరును గిరాకీదారుడే సంచిలో పెట్టుకొని వస్తున్నాడు. దుకాణందారుడు ఇవ్వవలసినవి నీడ, బల్ల, తీగలేని సంబంధం.

ఈ తీగలేని సంబంధాన్ని గురించి విద్యార్థులకు ఒక మాట చెప్పడం అవసరం. వైఫై అంటే అంతర్జాలమే అని పలువురు భావిస్తారు. నిజానికి అది చివరి కొన్ని గజాల దూరాన్ని దాటించే చిన్న రేడియో మాత్రమే. దాని ప్రమాణాలు 1997లో స్థిరపడ్డాయి; ఆ పేరు 1999లో వచ్చింది. దుకాణంలోని పెట్టెవరకు అంతర్జాలం తీగమీదనే వస్తుంది. అక్కడినుండి బల్లమీది యంత్రానికి రేడియో తరంగాలమీద చేరుతుంది. ఒక మార్గంలో ఒక సమయాన ఒక్కరే మాట్లాడవలెను, తక్కినవారు ఆగవలెను. తరగతిలో ఒకరి తరువాత ఒకరు లేచి జవాబు చెప్పే పద్ధతి వంటిదే ఇది. పదిమంది ఉన్న తరగతిలో ప్రతివాడికీ త్వరగా వంతు వస్తుంది. అరవైమంది ఉంటే రాదు. ఉదయం పది గంటలకు చురుకుగా ఉన్న వైఫై సాయంకాలం ఆరింటికి ఈడిగిలబడడంలోని రహస్యం ఇదే. అందుచేత పనికోసం చోటు వెదకేవారు దుకాణం పేరుకంటె వేళను ఎన్నుకొనడం మేలు. గోడ ప్రక్క ప్లగ్గు దగ్గరి బల్ల, గిరాకీ పలుచగా ఉండే పూట దొరికితే సగం పని అయినట్లే.

ఆ సంబంధం పొందడానికి ముందు ఫోను నంబరు ఇచ్చి, వచ్చిన అంకెలను నింపవలసి వస్తుంది. ఇది దుకాణందారుని చాదస్తం కాదు. 2008లో తాళం లేని వైఫై సంబంధాలను ఉపయోగించుకొని ఉగ్రవాదులు బెదిరింపు లేఖలు పంపిన తరువాత, వాడుకరి ఎవరో తెలియవలెనని కేంద్ర టెలికాం శాఖ 2009లో ఆదేశించింది. మరొక జాగ్రత్త కూడా ఉన్నది. ఊరందరికీ తెరిచిన సంబంధంమీద బ్యాంకు వ్యవహారాలు నడపకపోవడం వివేకం.

ఇక అసలు ఆక్షేపణకు వద్దాము. 2016లో జియో వచ్చినప్పటినుండి ఫోనులోని అంతర్జాలం మన దేశంలో మిక్కిలి చౌక అయినది. ఆ ఫోనునుండే లాప్‌టాప్‌కు సంబంధం కలుపుకోవచ్చును. అటువంటప్పుడు వైఫైకోసం కాఫీ దుకాణానికి పోవడమెందుకు? ఈ ప్రశ్నలోనే జవాబు ఉన్నది. అంతర్జాలం చౌక అయిన తరువాత కూడా జనం ఆ దుకాణాలకు పోవడం మానలేదు. కనుక వారికి కరువైనది అంతర్జాలం ఒక్కటే కాదని తేలుతున్నది. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, అమీర్‌పేటలోనో ఒక హాస్టలు గదిని నలుగురు పంచుకొనేచోట చదువుకు మంచమే బల్ల. రెండు గదుల ఇంటిలో తాతగారి టెలివిజను, చంటిబిడ్డ ఏడుపు, కుక్కరు కూత నడుమ ఆన్‌లైను పరీక్ష వ్రాసే పిల్లవాని అవస్థ తల్లిదండ్రులకు తెలియనిది కాదు. 2020లో బడులు మూతబడి పాఠాలన్నీ తెరమీదికి ఎక్కినప్పుడు, ఇంటిలో ఒక మూల తనదంటూ లేని బిడ్డ ఎంత వెనుకబడగలదో ఉపాధ్యాయులు కళ్ళారా చూచారు.

ఇల్లు ఒక చోటు, పనిచేసే కార్యాలయం ఒక చోటు. ఈ రెండూ కాక మనిషికి మూడవ చోటు ఒకటి కావలెనని అమెరికా సమాజశాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ఒక గ్రంథం వ్రాసి వాదించాడు. మనకు ఆ భావం క్రొత్త కాదు. ఊరి నడుమ రచ్చబండ ఎవరి సొత్తూ కాదు. కూర్చున్నందుకు వెల లేదు. కాఫీ దుకాణానికీ రచ్చబండకూ భేదం అక్కడనే ఉన్నది. దినానికి ఒక్క రెండువందల రూపాయల కాఫీ అనుకొన్నా, నెలలో ఇరవైయైదు దినాలకు ఐదువేల రూపాయలు. హాస్టలు బాడుగతో పోటీపడే ఈ మొత్తాన్ని ఇచ్చుకోగలవాడు చల్లని గదిలో కూర్చుండి దరఖాస్తు పంపుతాడు; ఇచ్చుకోలేనివాడు మెట్లమీద కూర్చుండి పంపుతాడు. ఇద్దరూ వ్రాసేది ఒకే పరీక్ష.

దీనికి దుకాణందారుని నిందించడం ధర్మం కాదు. అతడు అద్దె కట్టవలెను, జీతాలు ఇవ్వవలెను. నలుగురు కూర్చోదగిన బల్లను ఒక్కడు ఒక్క కాఫీతో నాలుగు గంటలు ఆక్రమిస్తే అతడు విసుగుకొన్నా తప్పు పట్టలేము. కొన్నిచోట్ల ప్లగ్గులు మూసివేయడం, వైఫైకి గంట గడువు పెట్టడం ఇందువల్లనే. అక్కడికి పోయేవారు రద్దీ వేళ చిన్న బల్లకు మారడం, రెండు గంటలకొకసారి ఏదో ఒకటి తెప్పించుకోవడం, ఫోనులో బిగ్గరగా మాట్లాడకపోవడం కనీస మర్యాద. నగరంలో కొంత ఉదారంగా నడిచిన చోట్లు కూడా ఉన్నవి. 2010లో బంజారాహిల్స్‌లో వెలసిన లామకాన్ అటువంటిది. తక్కువ వెలకు చాయ్, సమోసా ఇచ్చి, చర్చలకు, నాటకాలకు, పనికి వచ్చినవారిని ఏమీ కొనమని ఒత్తిడి చేయకుండా కూర్చోనిచ్చింది. ఆ పేరుకు ఉర్దూలో ఇల్లు లేనిది అని అర్థం. ఇటువంటివి ఒకటి రెండు ఉండి కోటిమంది నగరానికి చాలవు. దాతల ఔదార్యంమీద, కౌలు గడువులమీద ఒక తరం చదువును ఆధారపరచలేము.

మరి ఈ బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు తెలుగువారు నూరేళ్ళ క్రితమే జవాబు చెప్పారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారికి ప్రభుత్వ ప్రాపకం లేదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. పాతూరి నాగభూషణం 1935లో కాలువలమీద పడవలో పుస్తకాలు పంపి రేవు రేవునా చదువరులకు అందించారు. పుస్తకం కొనుక్కోలేనివానికి పుస్తకం, దీపం లేనివానికి దీపం, కూర్చోను చోటు లేనివానికి బల్ల ఊరుమ్మడిగా సమకూర్చవలెనన్నదే వారి సంకల్పం. నాటి దీపం స్థానంలో నేడు ప్లగ్గును, పుస్తకం ప్రక్కన వైఫైని చేర్చి చూడండి. సంకల్పంలో మారవలసినది అణుమాత్రమైనా లేదు.

అందుకు చట్టమూ ఉన్నది, పన్నూ ఉన్నది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును ఊళ్ళలో, నగరాలలో వసూలు చేస్తున్నారు. కాఫీ దుకాణంలో కుర్చీకి అద్దె కట్టే యువకుని ఇంటివారు గ్రంథాలయపు కుర్చీకి ముందే చెల్లించి ఉన్నారన్న మాట! చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ముందు ఉదయాన నిలబడితే ఆ కుర్చీకి ఎంత గిరాకీ ఉన్నదో తెలుస్తుంది. గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులు లోపల చోటు చాలక ఆవరణలో, చెట్ల క్రింద కూడా చదువుకొంటూ ఉంటారు. గ్రంథాలయాలకు ఇప్పుడు ఎవరు పోతారు అని అడిగేవారు ఒక్కసారి అక్కడికి పోయి రావలెను. 1891లో అసఫియా గ్రంథాలయంగా పుట్టిన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయపు విశాలమైన మందిరం పని చేసుకొనేవారికి ఏ కాఫీ దుకాణం ఇవ్వలేని నిశ్శబ్దం ఇవ్వగలదు. ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో 2018 డిసెంబరులో తమ పార్లమెంటు భవనానికి ఎదురుగా ఊడి అనే గ్రంథాలయం తెరిచి, పుస్తకాలతో సమానంగా పని గదులకు, కూర్చుండే చోట్లకు స్థానమిచ్చారు. అందులో కాఫీశాల కూడా ఉన్నది. కాఫీ కొనని వానికి కుర్చీ నిరాకరించరు.

అంత వైభవం మనం కోరడంలేదు. ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక గది, అందులో ఇరవై బల్లలు, బల్లకొక ప్లగ్గు, నమ్మదగిన వైఫై, రాత్రి తొమ్మిదింటివరకు తెరిచిన తలుపు, ఆడపిల్లలు నిర్భయంగా వచ్చి పోవడానికి తగిన వెలుతురు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఇంతే. వైఫై ఏర్పాటుకు దారి కూడా సులువు అయినది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. వాణి పథకం ప్రకారం చిన్న కిరాణా కొట్టు, టీ దుకాణం సైతం లైసెన్సు రుసుము లేకుండా ప్రజలకు వైఫై అందించవచ్చును. టీ కొట్టుకు సాధ్యమైనది గ్రంథాలయ సంస్థకు అసాధ్యం కాజాలదు. సాయంకాలం తాళం పడే పాఠశాల గదులను, సెలవు దినాన మూతబడే కళాశాల గ్రంథాలయాలను కొన్ని గంటలు తెరిస్తే మరికొంత చోటు ఖర్చు లేకుండానే లభిస్తుంది. తాళపుచెవులు ఎవరివద్ద ఉండవలెను, కరెంటు బిల్లు ఎవరు కట్టవలెను అనే ప్రశ్నలు వస్తాయి. అవి కూర్చుండి మాట్లాడుకొంటే తీరే ప్రశ్నలే.

ఈ కోరికను ఎవరో ఒకరు నోరు తెరిచి అడగవలెను. తమ వీధి గ్రంథాలయంలో ప్లగ్గులెన్ని, బల్లలెన్ని, తలుపు ఏ వేళకు మూస్తారు అని విద్యార్థులు చూచి వ్రాసి, గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చును. ఆ అర్జీ వ్రాయించడం ఉపాధ్యాయులకు ఒక మంచి వ్యాసరచన పాఠం కూడా అవుతుంది. కాఫీ దుకాణాలు వర్ధిల్లవలసినవే. స్నేహితుని కలుసుకోవడానికి, నాలుకకు నచ్చిన రుచికి, మనసు మార్పుకు అక్కడికి పోనిండు. కాని చదువుకొనేవాడు కూర్చోవడానికి మాత్రం వెల కట్టరాదు. ఆ కుర్చీ అతనికి ఊరు వేయవలసినది.