శుభలేఖలతో గ్రీటింగ్ కార్డులు

పెళ్లిళ్ల సీజను ముగిసేసరికి ఇంట్లో శుభలేఖల కట్ట మిగులుతుంది. వాటిమీద వినాయకుడి బొమ్మ ఉంటుంది కాబట్టి పారేయడానికి మనసొప్పదు. వాటితో ఆరు గ్రీటింగ్ కార్డుల సెట్టు చేసి కానుకగా ఇవ్వొచ్చు.

మందపాటి ఏ4 సైజు కాగితాలు మూడు తీసుకోండి. ఒక్కోదాన్ని అడ్డంగా సగానికి కోసి మడిస్తే 14.8×10.5 సెంటీమీటర్ల కార్డులు రెండు వస్తాయి. మడిచే చోట స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా గీస్తే మడత తిన్నగా వస్తుంది. శుభలేఖల్లోని వినాయకుడు, కలశం, తామర బొమ్మలు కత్తిరించి, గమ్ పలుచగా రాసి అతికించండి. ఆరేదాకా పైన పుస్తకాలు పెట్టండి. పూసలు, అద్దాలు వద్దు. పోస్టాఫీసులో ముద్ర వేసేటప్పుడు ఎత్తుగా ఉన్నచోట కవరు చిరిగే ప్రమాదం ఉంది. కవర్లు 16.2×11.4 సెంటీమీటర్లవి సరిపోతాయి.

లోపల ఏమీ రాయకండి. రాసే పని కానుక అందుకున్నవారిది. కవర్లకు స్టాంపులు అంటించి, కార్డులతోపాటు ఒక పెన్ను కూడా పెట్టి, కాగితం పరిచిన ఖాళీ స్వీటు డబ్బాలో సర్ది రిబ్బను కట్టండి.

హాస్టలుకు వెళ్లే అమ్మాయికి ఇస్తుంటే, ఒక కవరు మీద అమ్మమ్మ చిరునామా ముందే రాసి ఉంచండి. ఫోన్లో రోజూ మాట్లాడుకున్నా, మనవరాలి చేతిరాత అమ్మమ్మ దాచుకుని మళ్లీ మళ్లీ చదువుకుంటుంది.