దొంగతనానికి ఊరెందుకు? కులమెందుకు?

2023 అక్టోబర్ 20న ‘టైగర్ నాగేశ్వరరావు’ సినిమా వచ్చింది. రవితేజ హీరో. రైలు దోపిడీ, బ్యాంకు దోపిడీ, పోలీసులకు సవాళ్లు. హాళ్లలోంచి సినిమా పోయింది గానీ ఒక మాటను మా బడిలో వదిలిపెట్టి పోయింది.

మా రామకుప్పం పక్క ఎరుకలోళ్లు గంపలు అల్లుకోని, పందులు మేపుకోని బతుకుతారు. వాళ్ల పిల్లోడొకడు నా దగ్గరకొచ్చి, ‘‘సార్, నన్ను టైగర్ టైగర్ అంటాండారు. ఎవరి పెన్ను పోయినా నా సంచే వెతకతాండారు’’ అని ఏడ్చినాడు. అట్లా అన్నవాళ్లలో మన మాల మాదిగ పిల్లకాయలు కూడా ఉండారు. నా బాధ అక్కడే. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ ‘టైగర్’ ఊరు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. అది ఎరుకలోళ్లు తమంతట తాము కట్టుకున్న ఊరు కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్త జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చింది. మన చిత్తూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టించారు. స్టువర్టు అనేది ఒక తెల్లదొర పేరు. అక్కడివాళ్లు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. దొంగతనం చేసినా చేయకపోయినా ఇదే లెక్క. చీరాల పొగాకు కంపెనీకి చౌకగా కూలీలు దొరికింది ఇక్కడినుంచే.

అంతకుముందు వాళ్లు ఎవరు? ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం ఊరూరా తిప్పి అమ్ముకున్నవాళ్లు. రైలొచ్చింది, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, వాళ్ల వ్యాపారం కూలిపోయింది. బతుకు లాక్కున్నోడు దొర. దొంగ అనే పేరు మాత్రం ఎరుకలోడికి!

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. సినిమావాళ్లు మాత్రం రద్దు చేయలేదు. 1991లో నవలా రచయిత యండమూరి వీరేంద్రనాథ్ చిరంజీవితో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ తీశారు. ఆ ఏడాదే భానుచందర్‌తో ‘స్టువర్టుపురం దొంగలు’ కూడా వచ్చింది. ఊరి పేరు పక్కన ఒకచోట పోలీసు, ఇంకోచోట దొంగ. ఆ 1991 ఆగస్టు 6నే చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. చంపినవాళ్ల కులాన్ని హంతక కులమని ఏ సినిమావాడైనా అన్నాడా? 2009లో సత్యం కంపెనీ రామలింగరాజు వేలకోట్ల దొంగ లెక్కలు తానే ఒప్పుకున్నాడు. ఆయన పుట్టిన ఊరిని దొంగల ఊరని ఎవరైనా పిలిచారా? పెద్దకులపోడు చేస్తే అది ఆ మనిషి తప్పు. మనోడు చేస్తే జాతి తప్పు. ఇదీ న్యాయం!

‘‘నాగేశ్వరరావును హీరోనే చేసినారు గదప్పా’’ అని కొందరంటారు. నిజమే, హీరో అయినాడు. 1980లో పోలీసు కాల్పుల్లో చచ్చిపోయిన మనిషి తెరమీద పులి అయినాడు. ఊరు మాత్రం దొంగల ఊరుగానే మిగిలింది. టీజరు రాగానే తమ జాతిని అవమానించారని 2023 ఆగస్టులో హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. అదే స్టువర్టుపురంలో మన జాషువా కూతురు హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఏళ్ల తరబడి జనం మధ్య పనిచేసి, దొంగతనాలు మాన్పించి, వేరే బతుకులు చూపించారు. టైగర్ పేరు తెలిసిన మా పిల్లకాయలకు హేమలతమ్మ పేరు తెలీదు. అది సినిమావాళ్ల తప్పే కాదు, పంతుళ్లమైన మా తప్పు కూడా.

2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలు చెల్లవని చెప్పింది. విముక్త జాతులను పుట్టు నేరస్తులుగా చూడటం తప్పని కూడా తేల్చింది. తీర్పు ఢిల్లీలో ఉంది. దాన్ని ఊర్లోకి తేవాల్సింది మనమే.

కార్యకర్తలకు నా మనవి ఇంతే. ఊర్లో దొంగతనం జరిగి, సాక్ష్యం లేకుండా ఎరుకలోళ్లను స్టేషనుకు తీసుకపోతే, మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి నలుగురు వెంట నడవండి. ఎందుకు పట్టుకొచ్చినారో అడగండి. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తుంది. ఆ కాగితం జేబులో పెట్టుకోండి. ఆగస్టు 31న ప్రతి ఊర్లో ఎరుకల పెద్దలను పిలిచి ముందు కూర్చోబెట్టి మాట్లాడించండి.

ఇంట్లో పిల్లకాయలకు ఒక్క మాట చెప్పండి. మనల్ని అంటరానోళ్లన్న నోరే వాళ్లను దొంగలన్నది. ఆ నోటిమాట మన నోట రాకూడదు.

జై భీమ్!