కొరియా వంట తినిపిద్దాం, ప్యాకెట్లోది మాత్రం వద్దు



"అమ్మా, కొరియన్ నూడుల్స్ కొనియ్యవా?" అనే మాట మీ ఇంట్లోనూ వినపడే ఉంటుంది. మా ఇంట్లో దానికి ఇంకో మాట తోడైంది. ఆరో తరగతి చదివే మా అమ్మాయి ఒక సాయంత్రం లంచ్ బాక్సు తినకుండా తెచ్చి, "రేపటి నుంచి జొన్నరొట్టె పెట్టొద్దమ్మా, అందరూ చూస్తారు" అంది. బెళుగుప్పలో మా అవ్వ చేతి జొన్నరొట్టె, ఊరిబిండి తిని పెరిగినదాన్ని నేను. నూడుల్స్ అడిగితే నాకేం బాధ లేదు. రొట్టెను దాచుకోవాలని అనిపించిందే, అది గుచ్చుకుంది.

కొందరు తల్లిదండ్రులు "అది మన తిండి కాదు" అని కసురుతారు. ఇంకొందరు పిల్లల పోరు పడలేక ప్యాకెట్ కొనిచ్చేస్తారు. రెండూ సరికాదని నా అభిప్రాయం. "మన తిండి కాదు" అంటే, మన జిల్లా బతుకంతా అల్లుకున్న శెనక్కాయ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. మిరపకాయ కొరియాకూ మనకూ అమెరికా ఖండాల నుంచే వచ్చింది. ఇక కొరియా మనకు దూరమూ కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దానితోపాటు కొరియన్ ఉద్యోగులు, వాళ్ల కోసం కొరియన్ హోటళ్లు మన వైపు వచ్చాయి.

కాబట్టి పిల్లలకు కొరియా వంట తప్పకుండా రుచి చూపించండి. అయితే అసలైనది చూపించండి. అందులో ఏముందో తెలిస్తే మీరే ఆశ్చర్యపోతారు.

వాళ్ల చాంద్రమానంలో మొదటి పౌర్ణమికి, చాలా ఏళ్లు అది మన మాఘ పౌర్ణమి నాడే వస్తుంది, 'ఒగోక్‌బాప్' వండుతారు. అంటే అయిదు ధాన్యాల అన్నం. జిగురు బియ్యం, జొన్నలు, కొర్రలు లేదా వరిగలు, నల్ల చిక్కుళ్లు, ఎర్ర చిక్కుళ్లు కలిపి వండేది. ఆ పొద్దున వాల్‌నట్లతోపాటు శెనక్కాయలు కూడా పళ్లతో పటుక్కున కొరికి తింటారు. పిల్లల మొదటి పుట్టినరోజుకు జొన్నపిండి ఉండలు చేసి, ఎర్ర చిక్కుళ్ల పొడి అద్ది పెడతారు. మా అమ్మాయి దాచుకున్న జొన్న అక్కడ పుట్టినరోజు పండగ వంట!

కరువూ వాళ్లకు తెలుసు. శరదృతువులో కోసిన వరి అయిపోయి, బార్లీ ఇంకా చేతికి రాని వసంతకాలపు ఆకలిని కొరియన్లు 'బార్లీ కనుమ' అనేవాళ్లు. ఆ కనుమ దాటడం 1960ల దాకా పేద ఇళ్లకు ఏటా తప్పలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, గంజి కేంద్రాల కథలు పెద్దల నోట విన్న మనకు ఆ మాట అర్థం చెప్పాలా? చలికాలం గడవడానికి ఊరంతా కలిసి కిమ్చీ పెట్టుకునే వాళ్ల అలవాటును 2013లో యునెస్కో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మన ఎండాకాలపు ఊరగాయలు, వడియాలు కూడా అలాంటి ముందుచూపే.

ఇంట్లో మొదలుపెట్టడానికి మూడు వంటలు చెబుతాను.

బిబింబాప్: కలిపి తినే అన్నం. క్యారెట్, బీన్స్, పాలకూర వేటికవి నువ్వుల నూనెలో వేయించి, అన్నం మీద విడివిడిగా పేర్చి, పైన ఒక గుడ్డు వేయాలి. వాళ్ల కారం ముద్ద దొరక్కపోతే కారంపొడి, వెల్లుల్లి, కాస్త బెల్లం, నువ్వుల నూనె కలిపితే దగ్గరి రుచి వస్తుంది. అన్నం బదులు కొర్రన్నం భేషుగ్గా కుదురుతుంది.

క్కక్దుగి: ముల్లంగి కిమ్చీ. ముక్కలకు ఉప్పు పట్టించి అరగంట తర్వాత నీళ్లు వంపేసి, కారం, అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు కలపాలి. మన ఎండలకు ఒక రోజు బయట ఉంచితే చాలు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టేయండి.

హోబక్‌జుక్: గుమ్మడికాయ జావ. ఉడికించి మెదిపిన గుమ్మడిలో బియ్యప్పిండి నీళ్లు పోసి, కొంచెం తీపి కలిపి ఉడకనివ్వాలి. చిన్నపిల్లలు ఇష్టంగా తాగుతారు.

హోటల్‌కు వెళ్తే ముందు అడిగి తెలుసుకోండి. కిమ్చీలో తరచుగా చేపల సాస్ ఉంటుంది. 'బుల్గోగి' మామూలుగా గొడ్డుమాంసంతో చేస్తారు, చికెన్‌తోనూ దొరుకుతుంది.

ఇక ప్యాకెట్ సంగతి. పెద్దవాళ్లకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపు సోడియం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలా కొరియన్ నూడుల్స్ ప్యాకెట్లలో ఒక్కదాంట్లోనే 1,500 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. మరీ ఘాటైన కొన్ని రకాలను 2024 జూన్‌లో డెన్మార్క్ అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించింది. తర్వాత కొన్నింటిని మళ్లీ అనుమతించింది. ఎప్పుడో ఒకసారి తింటే కొంప మునగదు. వారానికి నాలుగు రోజులు తింటేనే ప్రమాదం. కొనేముందు ప్యాకెట్ వెనక అంకెల్ని పిల్లలతోనే చదివించండి. లెక్కలకు లెక్కలు, ఆరోగ్యానికి ఆరోగ్యం.

మన పాఠశాలకూ ఒక సూచన. సంవత్సరానికి ఒక మధ్యాహ్నం ప్రతి బిడ్డా అవ్వ వంట ఒకటి, పైదేశపు వంట ఒకటి తెచ్చుకుని, రెండింటి గురించీ రెండు మాటలు చెప్పేలా ఏర్పాటు చేస్తే బాగుంటుంది. జొన్నరొట్టె, కిమ్చీ ఒకే బల్ల మీదికి వస్తే ఏది గొప్ప అనే ప్రశ్నే రాదు.

పోయిన ఆదివారం మా ఇంట్లో కొర్రన్నంతో బిబింబాప్ చేశాం. "ఇది మనదా, కొరియాదా?" అని అడిగింది మా అమ్మాయి. "కొర్రలు మనవి, కలిపింది వాళ్ల పద్ధతి" అన్నాను. సోమవారం అదే బాక్సులో పెట్టమంది, ఖాళీ బాక్సు తెచ్చింది. జొన్నరొట్టె ఇంకా బాక్సులోకి తిరిగి రాలేదు. కానీ రాత్రి దాంట్లో క్కక్దుగి నంజుకుని రెండు తింది. నాకిప్పటికి అది చాలు.